పెట్రోలు ఇంజనులో ఇంధన సరఫరా వ్యవస్థ

పెట్రోలు ఇంజనులో ఇంధన సరఫరా వ్యవస్థ అనగా, ట్యాంకులో నిల్వ ఉన్న పెట్రోలును వడకట్టి, గాలితో తగిన పాళ్ళలో కలిపి, ఇంజను సిలిండరులోకి చేర్చే భాగాల సముదాయం. పెట్రోలు ద్రవరూపంలో సరిగా మండదు. అది ఆవిరిగా మారి, తగినంత గాలితో కలిసినపుడే స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వకు అంటుకొని వేగంగా మండుతుంది. అందువలన ఈ వ్యవస్థ చేయవలసిన పని పెట్రోలును చేరవేయడం మాత్రమే కాదు. ఇంజను ఏ స్థితిలో నడుస్తున్నా గాలికి, పెట్రోలుకు మధ్య ఉండవలసిన నిష్పత్తిని కాపాడడం దీని ముఖ్యకార్యం. వాహనం ఇచ్చే మైలేజీ, దాని శక్తి, అది వదిలే పొగ, ఇంజను ఆయుష్షు ఈ నిష్పత్తిపై ఆధారపడి ఉంటాయి. ఈ పనిని పూర్వం కార్బ్యురేటరు నిర్వహించేది. ఇప్పటి కొత్త వాహనాలలో ఎక్కువ భాగం ఇంధన ఇంజెక్షను పద్ధతిపై నడుస్తున్నాయి.

గాలి–ఇంధన నిష్పత్తి

పెట్రోలు అనేక హైడ్రోకార్బనుల మిశ్రమం. లెక్క సులభంగా ఉండుటకు దానిని ఆక్టేను అనుకుందాం. ఒక ఆక్టేను అణువులో 8 కార్బను పరమాణువులు, 18 హైడ్రోజను పరమాణువులు ఉంటాయి. 114 గ్రాముల ఆక్టేను పూర్తిగా మండాలంటే 400 గ్రాముల ఆక్సిజను అవసరం. గాలి బరువులో ఆక్సిజను సుమారు 23 శాతమే కనుక 400 గ్రాముల ఆక్సిజను కోసం సుమారు 1,725 గ్రాముల గాలి కావాలి. అంటే ఒక వంతు ఆక్టేనుకు సుమారు 15 వంతుల గాలి. బజారులో లభించే ఇథనాల్ కలపని పెట్రోలుకు ఈ నిష్పత్తిని 14.7 : 1 గా తీసుకుంటారు. దీనిని రసాయనిక సమ నిష్పత్తి అంటారు.

ఒక లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. దానిని మండించుటకు సుమారు 11 కిలోల గాలి, అనగా దాదాపు 9,000 లీటర్ల గాలి కావాలి. రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల చిన్న గదిలో పట్టేంత గాలి ఇది. మనం డబ్బు చెల్లించేది పెట్రోలుకే అయినా ఇంజను లోపలికి పీల్చుకొనే పదార్థంలో అత్యధిక భాగం గాలియే.

పెట్రోలు పాలు ఎక్కువైతే చిక్కని మిశ్రమం అనీ, తక్కువైతే పలుచని మిశ్రమం అనీ అంటారు. చిక్కని మిశ్రమం పూర్తిగా మండదు. దానివలన నల్లని పొగ, విషవాయువైన కార్బను మోనాక్సైడు, ఇంధన వ్యయం పెరుగుతాయి. బాగా పలుచని మిశ్రమం నెమ్మదిగా మండి ఇంజనును వేడెక్కిస్తుంది, కుదుపులు కలిగిస్తుంది. అయితే అన్ని సమయాలలోనూ ఒకే నిష్పత్తి పనికిరాదు. సాధారణ ఇంజనుకు కావలసిన నిష్పత్తులు సుమారుగా ఇలా ఉంటాయి:

* చల్లని ఇంజనును ప్రారంభించునపుడు – 9 : 1 లేదా అంతకన్నా చిక్కన
* నిలకడగా నిలిచి తిరుగునపుడు – 12 : 1 నుండి 13 : 1
* సమవేగంతో సాగిపోవునపుడు – 15 : 1 నుండి 16 : 1
* పూర్తి శక్తి అవసరమైనపుడు – 12.5 : 1 నుండి 13 : 1

శుద్ధి కర్మాగారం నుండి వాహనం ట్యాంకు వరకు

ఉత్తరాంధ్రకు అతి సమీపంలోని చమురు శుద్ధి కర్మాగారం విశాఖపట్నంలో ఉంది. దీనిని 1957లో కాల్టెక్స్ సంస్థ ప్రారంభించింది. 1976లో ప్రభుత్వం స్వాధీనం చేసుకొనగా, 1978లో హిందుస్థాన్ పెట్రోలియం కార్పొరేషనులో విలీనమైంది. ఇక్కడినుండి విజయవాడ మీదుగా సికింద్రాబాదు వరకు గొట్టపు మార్గం ఉంది. గొట్టపు మార్గం లేని ఊళ్ళలోని బంకులకు ట్యాంకరు లారీలలో ఇంధనం చేరుతుంది. కోల్‌కతా–చెన్నై జాతీయ రహదారిపై అనకాపల్లికి, తునికి మధ్యనున్న నక్కపల్లి అటువంటి ఊరు. పూర్వం 5వ నంబరు గల ఈ రహదారిని ఇప్పుడు 16వ జాతీయ రహదారి అంటారు. నక్కపల్లి 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోనిది.

బంకులో పెట్రోలును భూగర్భ ట్యాంకులలో నిల్వ చేస్తారు. కొలతపై అనుమానం కలిగితే తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్రతో పరీక్షించి చూపమని కోరవచ్చు. నాణ్యతపై అనుమానం కలిగితే వడపోత కాగితపు పరీక్ష కోరవచ్చు. కాగితంపై వేసిన పెట్రోలు చుక్క మరక మిగల్చకుండా ఆవిరి కావాలి. మరక మిగిలితే కల్తీని అనుమానించాలి. సాంద్రతను కూడా పరీక్షించి చూపమనవచ్చు. 15 డిగ్రీల సెల్సియస్ వద్ద పెట్రోలు సాంద్రత ఘనపు మీటరుకు 720 నుండి 775 కిలోల మధ్య ఉండాలి.

వ్యవస్థలోని ముఖ్య భాగాలు

* ట్యాంకు: పెట్రోలు నిల్వ చేసే పాత్ర. లోపలి పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ దాని స్థానంలోకి గాలి రావాలి. అందుకు మూతలోగాని, వేరుగాగాని సన్నని రంధ్రం ఉంటుంది. ఈ రంధ్రం మూసుకుపోతే ట్యాంకులో పీడనం తగ్గి పెట్రోలు దిగడం ఆగిపోతుంది. మూత తీయగానే బండి మళ్ళీ నడిచి, కొంతసేపటికి ఆగిపోతుంటే కారణం తరచుగా ఇదే.
* పెట్రోలు కాక్: పాత మోటారు సైకిళ్ళలో, స్కూటర్లలో ట్యాంకు అడుగున ఉండే తిప్పుడు కవాటం. ఇందులోని నిలువు గొట్టం పైకొన ట్యాంకు అడుగుకన్నా కొంత ఎత్తులో ఉంటుంది. పెట్రోలు ఆ ఎత్తుకన్నా దిగిపోగానే సరఫరా ఆగుతుంది. అప్పుడు కాక్‌ను రిజర్వు వైపు తిప్పితే అడుగున ఉన్న మరొక రంధ్రం ద్వారా మిగిలిన పెట్రోలు దిగుతుంది. అంటే రిజర్వు అనేది వేరే ట్యాంకు కాదు.
* ఇంధన ఫిల్టరు: తుప్పు, దుమ్ము, నలకలను ఆపుతుంది.
* పంపు: ట్యాంకు ఇంజనుకన్నా ఎత్తున ఉన్న ద్విచక్ర వాహనాలలో పెట్రోలు గురుత్వాకర్షణచే తానే దిగుతుంది. ట్యాంకు వెనుకభాగాన, కిందుగా ఉండే కార్లలో పంపు తప్పనిసరి. కార్బ్యురేటరు కార్లలో ఇంజను తిప్పే క్యామ్ షాఫ్టుచే కదిలే పొర పంపు ఉండేది. ఇంజెక్షను కార్లలో విద్యుత్ పంపును ట్యాంకులోనే అమరుస్తారు.
* గాలి ఫిల్టరు: ఇంజను పీల్చే గాలిలోని దుమ్మును ఆపుతుంది. ఇది దుమ్ముతో మూసుకుపోతే గాలి తగ్గుతుంది. కార్బ్యురేటరు బండిలో మిశ్రమం చిక్కనై మైలేజీ పడిపోతుంది.

కార్బ్యురేటరు

గొట్టంలో ప్రవహించే గాలి సన్నని మెడవంటి భాగం గుండా పోవునపుడు దాని వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. ఈ సూత్రాన్ని 1738లో డానియల్ బెర్నౌలీ వివరించాడు. ఇటువంటి సన్నని భాగాన్ని ఇటలీ శాస్త్రవేత్త వెంచూరి పేరిట వెంచూరి అంటారు. కార్బ్యురేటరుకు ఈ సూత్రమే ఆధారం.

కార్బ్యురేటరులో ఒక చిన్న పెట్రోలు గది ఉంటుంది. అందులో తేలే ఫ్లోటు, దానికి తగిలించిన సూది కవాటం కలిసి పెట్రోలు మట్టాన్ని నిలుపుతాయి. మట్టం తగ్గితే ఫ్లోటు దిగి సూది తెరుచుకుంటుంది. మట్టం పెరిగితే ఫ్లోటు లేచి సూది మూసుకుంటుంది. ఇండ్లలో నీటి తొట్టికి అమర్చే బంతి కుళాయి పనిచేసే తీరూ ఇదే. ఈ గది నుండి సన్నని రంధ్రం గల జెట్ ద్వారా ఒక గొట్టం వెంచూరిలోకి తెరుచుకుంటుంది.

పిస్టను కిందికి దిగునపుడు గాలి వెంచూరి గుండా లోపలికి దూసుకుపోతుంది. అక్కడ పీడనం తగ్గుటచే, వాతావరణ పీడనం గల పెట్రోలు గది నుండి పెట్రోలు పైకి వచ్చి తుంపరలుగా గాలిలో కలుస్తుంది. పెట్రోలును లాగే శక్తి గాలి ప్రవాహమే కనుక, గాలి పెరిగితే పెట్రోలు కూడా పెరుగుతుంది. వాహనదారుడు యాక్సిలరేటరు తిప్పినపుడు నేరుగా పెట్రోలును పెంచడం లేదు. థ్రాటిల్ కవాటాన్ని తెరచి గాలికి దారి ఇస్తున్నాడు.

ఒక్క జెట్‌తో అన్ని స్థితులకు తగిన నిష్పత్తి రాదు. అందువలన ఈ కింది ఏర్పాట్లు చేస్తారు:

* నిలకడ జెట్: థ్రాటిల్ దాదాపు మూసి ఉన్నపుడు వెంచూరిలో గాలి వేగం చాలదు. అప్పుడు వేరొక సన్నని మార్గం ద్వారా పెట్రోలు అందుతుంది.
* చోక్: ఇంజను చల్లగా ఉన్నపుడు పెట్రోలులో కొంత భాగమే ఆవిరవుతుంది. చోక్ లాగినపుడు గాలి దారి మూసుకొని, లేదా అదనపు పెట్రోలు మార్గం తెరుచుకొని, మిశ్రమం చిక్కబడుతుంది. ఇంజను వేడెక్కిన తరువాత చోక్ తీయకపోతే పెట్రోలు వృథా అవుతుంది.
* వేగవృద్ధి పంపు: ఒక్కసారిగా థ్రాటిల్ తెరచినపుడు తేలికైన గాలి వెంటనే దూసుకుపోతుంది, బరువైన పెట్రోలు వెనుకబడుతుంది. ఆ లోటును తీర్చుటకు ఈ చిన్న పంపు కొంత పెట్రోలును చిమ్ముతుంది. ఇది కార్లలో ఎక్కువగా ఉండేది.

కార్బ్యురేటరు పరిమితులు

కార్బ్యురేటరు గాలి వేగాన్ని బట్టి పనిచేస్తుందేగాని గాలి బరువును తూచలేదు. నక్కపల్లి వంటి సముద్రతీర మండలంలో సరిచేసిన కార్బ్యురేటరు బండిని, సుమారు 1,000 మీటర్ల ఎత్తునగల లంబసింగికి తీసుకుపోయినామనుకుందాం. అక్కడ గాలి సాంద్రత సుమారు 10 శాతం తక్కువ. సిలిండరులో చేరే గాలి బరువు కూడా అంతే తగ్గుతుంది. కాని జెట్ గుండా వచ్చే పెట్రోలు పీడన వ్యత్యాసం యొక్క వర్గమూలాన్ని అనుసరిస్తుంది కనుక సుమారు 5 శాతమే తగ్గుతుంది. ఫలితంగా మిశ్రమం చిక్కబడి, ఘాటు రోడ్డుపై శక్తి మరింత తగ్గినట్లు తోస్తుంది.

ఫ్లోటు గది కూడా ఒక పరిమితియే. 1940లో బ్రిటన్ గగనతల యుద్ధంలో బ్రిటిష్ యుద్ధ విమానాలు హఠాత్తుగా ముక్కు దించి కిందికి దూకునపుడు, గదిలోని పెట్రోలు పైకెగసి ఇంజను ఆగిపోయేది. ఇంజెక్షను పద్ధతి గల జర్మను విమానాలకు ఈ ఇబ్బంది లేదు. 1941లో బియాట్రిస్ షిల్లింగ్ అనే మహిళా ఇంజనీరు పెట్రోలు మార్గంలో రంధ్రం గల చిన్న బిళ్ళను అమర్చి ఈ లోపాన్ని చాలావరకు తగ్గించింది.

ఇంధన ఇంజెక్షను

ఈ పద్ధతిలో పెట్రోలును గాలి లాగదు. పంపు ఇచ్చిన పీడనంతో ఇంజెక్టరు అనే విద్యుత్ కవాటం దానిని చిమ్ముతుంది. ఎంత చిమ్మాలో ఎలక్ట్రానిక్ నియంత్రణ పెట్టె నిర్ణయిస్తుంది. ఈ పెట్టెకు గాలి పీడనం లేదా ప్రవాహం, గాలి ఉష్ణోగ్రత, ఇంజను ఉష్ణోగ్రత, థ్రాటిల్ స్థానం, ఇంజను వేగం తెలిపే సెన్సరులు ఉంటాయి. వాటినుండి అది గాలి బరువును లెక్కించి, దానికి తగిన పెట్రోలు వచ్చునంతసేపు ఇంజెక్టరును తెరచి ఉంచుతుంది. ఆ వ్యవధి సెకనులో వెయ్యవ వంతులలో ఉంటుంది.

ఈ కొలత ఎంత సూక్ష్మమైనదో ఒక లెక్క ద్వారా గ్రహించవచ్చు. 100 సీసీ ఇంజను థ్రాటిల్ పూర్తిగా తెరచి ఉన్నపుడు ఒకసారి పీల్చే గాలి బరువు సుమారు 0.12 గ్రాము. దానికి కావలసిన పెట్రోలు సుమారు 8 మిల్లీగ్రాములు, అనగా 0.011 మిల్లీలీటరు. మందు చుక్కల గొట్టంనుండి రాలే నీటి చుక్క సుమారు 0.05 మిల్లీలీటరు. అంటే చుక్కలో దాదాపు ఐదవ వంతు. నాలుగు ఘాతాల ఇంజను నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుంటే ఈ కొలత సెకనుకు 25 సార్లు జరగాలి.

చిమ్మిన పెట్రోలు సరిపోయిందో లేదో తెలుసుకొనుటకు పొగ గొట్టంలో ఆక్సిజను సెన్సరును అమర్చుతారు. పొగలో ఆక్సిజను మిగిలితే మిశ్రమం పలుచన అనీ, మిగలకపోతే చిక్కన అనీ గ్రహించి నియంత్రణ పెట్టె తరువాతి మోతాదును సవరిస్తుంది. తన పని ఫలితాన్ని తానే చూసుకొని దిద్దుకోవడం కార్బ్యురేటరుకు సాధ్యం కాని విషయం.

సాధారణ ఇంజెక్షను పద్ధతిలో పెట్రోలును చూషణ కవాటానికి ముందు, సుమారు 2.5 నుండి 4 బార్ల పీడనంతో చిమ్ముతారు. నేరుగా సిలిండరులోకి చిమ్మే పద్ధతిలో 50 మొదలు 350 బార్ల వరకు పీడనం వాడుతారు.

చరిత్ర

1876లో జర్మనీకి చెందిన నికొలౌస్ ఒట్టో నాలుగు ఘాతాల ఇంజనును రూపొందించాడు. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన వాహనంలో గాలిని పెట్రోలు ఉపరితలంపై నుండి పోనిచ్చి ఆవిరిని గ్రహించే పద్ధతి ఉండేది. 1893లో హంగేరీ ఇంజనీర్లు దొనాత్ బాంకి, యానోష్ చోంకా తుంపర కార్బ్యురేటరుకు పేటెంటు పొందారు. ఇదే కాలంలో జర్మనీలో విల్హెల్మ్ మేబాక్ కూడా ఇటువంటి పరికరాన్ని తయారుచేశాడు. 1954లో మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్ఎల్ కారులో యాంత్రిక ఇంజెక్షను వచ్చింది. 1967లో బాష్ సంస్థ ఎలక్ట్రానిక్ ఇంజెక్షనును ఫోక్స్‌వాగన్ కార్లకు అందించింది. 1976లో వోల్వో కార్లలో ఆక్సిజను సెన్సరు ప్రవేశించింది.

భారతదేశంలో అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని, 1983 డిసెంబరులో విడుదలైన మారుతి 800 కార్లు కార్బ్యురేటరుతోనే వచ్చాయి. పొగలోని విషవాయువులను తగ్గించే ఉత్ప్రేరక పరికరం మిశ్రమం 14.7 : 1 కు అతి దగ్గరగా ఉన్నపుడే చక్కగా పనిచేస్తుంది. సీసం కలిసిన పెట్రోలు దానిని పాడుచేస్తుంది. అందువలన 1995 ఏప్రిల్ 1 నుండి నాలుగు మహానగరాలలో కొత్త కార్లకు ఉత్ప్రేరక పరికరాన్ని, దానికి తగిన సీసరహిత పెట్రోలును ప్రవేశపెట్టారు. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటా సీసరహిత పెట్రోలే విక్రయిస్తున్నారు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది కనుక ఇది ప్రజారోగ్యానికి కూడా మేలు చేసిన మార్పు. ద్విచక్ర వాహనాలలో 2006లో హీరో హోండా గ్లామర్ ఇంజెక్షనుతో వచ్చినా, ఈ పద్ధతి విస్తరించినది 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్–6 ప్రమాణాలు అమలులోకి వచ్చిన తరువాతనే. కొన్ని చిన్న బండ్లలో ఎలక్ట్రానిక్ నియంత్రణ గల కార్బ్యురేటరు కొనసాగింది.

ఇథనాల్ కలిసిన పెట్రోలు

అనకాపల్లి ప్రాంతం చెరకు సాగుకు, బెల్లానికి ప్రసిద్ధి. ఇక్కడ 1913లో చెరకు పరిశోధన కేంద్రం ఏర్పడింది. చక్కెర తయారీలో మిగిలే మొలాసిస్ నుండి, చెరకు రసం నుండి, మొక్కజొన్న, నూకల నుండి ఇథనాల్ తయారవుతుంది. 2003లో ఆంధ్రప్రదేశ్ సహా కొన్ని రాష్ట్రాలలో పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలపడం మొదలైంది. 2022లో దేశ సగటు 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. 20 శాతం కలిసిన పెట్రోలును ఇ20 అంటారు.

ఇథనాల్ అణువులో ఆక్సిజను ఉంది కనుక దానికి బయటి గాలి తక్కువ చాలు. దాని సమ నిష్పత్తి 9 : 1 మాత్రమే. లెక్క ప్రకారం ఇ20కి సుమారు 13.5 : 1 సరిపోతుంది. శుద్ధ పెట్రోలుకు సరిచేసిన పాత కార్బ్యురేటరు ఇంకా 14.7 : 1 గానే కలుపుతుంది కనుక మిశ్రమం పలుచబడుతుంది. ఇంజను వేడెక్కడం, తడబడడం ఇందుచేతనే. ఆక్సిజను సెన్సరు గల ఇంజెక్షను బండి ఈ తేడాను తానే గుర్తించి చాలావరకు సరిదిద్దుకుంటుంది.

మైలేజీ విషయం వేరు. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి ఉండగా, లీటరు ఇథనాల్‌లో సుమారు 21 మాత్రమే. ఆ లెక్కన లీటరు ఇ20లో శక్తి సుమారు 7 శాతం తక్కువ. ఇంజనుకు తగిన మార్పులు చేస్తే ఇథనాల్‌కు గల అధిక ఆక్టేను విలువ వలన ఈ నష్టంలో కొంత పూడుతుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది. కనుక పాత వాహనాలలో పెట్రోలు గొట్టాలను, ఫ్లోటు గది వాషర్లను తరచుగా పరీక్షించుకోవాలి. ఎక్కువకాలం నడపని బండిలో పెట్రోలును నిల్వ ఉంచరాదు.

సాధారణ లోపాలు, కారణాలు

* కార్బ్యురేటరు నుండి పెట్రోలు కారడం: సూది కవాటంలో నలక చేరడం, ఫ్లోటుకు చిల్లు పడడం.
* నల్లని పొగ: చోక్ తీయకపోవడం, గాలి ఫిల్టరు మూసుకుపోవడం, జెట్ రంధ్రం అరిగి పెద్దది కావడం.
* నిలకడగా తిరగకుండా ఆగిపోవడం: నిలకడ జెట్ మూసుకుపోవడం. జెట్‌ను సూదితోగాని తీగతోగాని పొడిస్తే రంధ్రం పెద్దదై నిష్పత్తి శాశ్వతంగా చెడుతుంది; గాలి ఊది శుభ్రపరచాలి.
* మండుటెండలో ఆగిపోయి, చల్లారిన తరువాత నడవడం: గొట్టంలో పెట్రోలు ఆవిరై ప్రవాహాన్ని అడ్డగించడం.
* ఇంజెక్షను బండిలో ఇంజను దీపం వెలుగుతూ ఉండడం: సెన్సరులోగాని, దాని తీగలోగాని లోపం. ఇటువంటి బండిలో ట్యాంకును తరచూ అడుగంటనీయరాదు. పంపును చల్లబరచేది దాని చుట్టూ ఉన్న పెట్రోలే.

భద్రత

పెట్రోలు సున్నాకు దిగువన సుమారు 40 డిగ్రీల వద్ద కూడా మండే ఆవిరిని విడుదల చేస్తుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువైనది కనుక నేలబారుగా పాకి, దూరానగల పొయ్యిని, దీపాన్ని చేరగలదు. గాలిలో దాని పరిమాణం సుమారు 1.4 శాతం ఉంటే చాలు, అంటుకుంటుంది. అందువలన ఈ జాగ్రత్తలు తప్పనిసరి:

* పెట్రోలును ఇంటిలో, దుకాణాలలో, ప్లాస్టిక్ సీసాలలో నిల్వ ఉంచరాదు.
* పెట్రోలు గొట్టాన్ని, కార్బ్యురేటరును ఇంజను చల్లారిన తరువాతనే, బయలు ప్రదేశంలో విప్పాలి. ఇంజెక్షను గొట్టంలో ఇంజను ఆపిన తరువాత కూడా పీడనం ఉంటుంది కనుక దానిని తెలిసినవారే విప్పాలి.
* ట్యాంకు నుండి పెట్రోలును నోటితో పీల్చి తీయరాదు. అది ఊపిరితిత్తులలో చేరితే ప్రాణాపాయం. పొరపాటున మింగినవారికి వాంతి చేయించరాదు. వెంటనే వైద్యుని వద్దకు తీసుకుపోవాలి.
* మూసిన గదిలో ఇంజనును నడపరాదు. ఆక్సిజను చాలక సరిగా మండని పెట్రోలు వదిలే కార్బను మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. ప్రమాదాన్ని గుర్తించేలోగానే మనిషి స్పృహ తప్పవచ్చు.